రెండు గుహల నీళ్ళు

మాడిన గిన్నె అడుగు గీకుతుంటే మా ఆయన వెనకనుంచి అన్నాడు. "ఇవాళ ఆ చేపల పని కానిచ్చెయ్. రేపు పొద్దున్నే వడ్రంగులొస్తారు."

పాల ప్యాకెట్టు తెమ్మన్నంత మామూలుగా అన్నాడు. నేను వెనక్కి తిరగలేదు. గిన్నె అడుగున నల్లటి చెక్కు ఒకటి ఎంత గీకినా ఊడి రావడం లేదు. ఈమధ్య గిన్నెలు తరచూ మాడుతున్నాయి. అత్తయ్య పొయ్యిమీద పెట్టి మర్చిపోతోంది, వయసు మీద పడింది పాపం అనుకుంటాను, మర్నాడు పొద్దున గీకుతాను. పాపం అనుకోవడం ఎంతసేపు, గీకడం ఎంతసేపు.

"నువ్వే చెయ్యి, ఇంకెవరికీ అప్పగించకు. నీ చెయ్యి మెత్తన. బాధ తెలీకుండా పోతాయి," అని ఇంకో మాట చేర్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా చేతిని మెచ్చుకోవడం అదే మొదటిసారి.

పని అంటే ఏమిటో చెప్పాలి. మా ఆయన పాఠాలు చెప్పే కాలేజీలో, జంతుశాస్త్రం వాళ్ళ భవనం కింద, నేలమాళిగలో ఒక గది ఉంది. దానికి కిటికీ లేదు. అందులో గుహల్లో బతికే చేపల తొట్లుంటాయి. జంతుశాస్త్ర విభాగానికి మా ఆయన పెద్ద. ఆ గదికి నేను ఏమవుతానో నాకే సరిగ్గా తెలీదు. తాత్కాలికంగా సాయం చేసే మనిషినని చేర్చుకున్నారు. చేరినప్పుడు మా పాప పాకుతోంది, ఇప్పుడది హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, నేను మాత్రం ఇంకా తాత్కాలికమే. కాలేజీలో అందరూ నన్ను చేపలావిడ అంటారు. ఆ గది ఇప్పుడు కంప్యూటర్లకి కావాలట. చేపలు ఎవరికీ అక్కర్లేదట. కాలవలో వదిలితే అవీ బతకవు, బతికితే అక్కడున్నవాటికి ముప్పు. కాబట్టి చంపాలి.

చేపల్ని నొప్పి తెలీకుండా చంపాలంటే లవంగ నూనె. వేడినీళ్ళలో గిలక్కొట్టి తొట్టిలో పోస్తే ముందు మత్తొస్తుంది, తర్వాత మొప్పలు ఆగిపోతాయి. మూసేసే గదికి స్టోరువాళ్ళు దూదిపింజ కూడా ఇవ్వరు గనక ఆయనే బజారునుంచి పెద్ద సీసా తెచ్చి వంటింటి అలమరలో పెట్టాడు. అత్తయ్య పన్ను సలిపినప్పుడల్లా అందులోంచే రెండు చుక్కలు దూదిమీద వేసుకుని నొక్కి పట్టుకుంటోంది. ఒకే సీసా, ఆవిడ పన్నుకీ నా చేపల చావుకీ.

నేను తయారై వచ్చేలోపు అత్తయ్య నా సంచిలో తిండి డబ్బా, సీసా సర్దేసింది. "నూనె కూడా పెట్టాను," అంది. నా మొహంకేసి చూడలేదు. ఆవిడ నా మొహంకేసి చూడ్డం మానేసి చాన్నాళ్ళయింది. కోపమనుకుంటాను. కోపానికి కారణాలకేం కొదవ? 'చేపలకి చేసే సేవలో సగం మొగుడికి చేసుంటే వాడు నిన్ను నెత్తిన పెట్టుకునేవాడు' అని మొహానే అన్న మనిషి. నెత్తిన పెట్టుకోవడం మాట అలా ఉంచి, ఆయన నా పనికి పెట్టిన పేరు 'చేపలాట'. ఒకసారి ఇంటికి బంధువులొచ్చినప్పుడు అందరి మధ్యా నవ్వుతూ అన్నాడు. 'ఇల్లు అమ్మ చూసుకుంటోంది కాబట్టి ఈవిడ చేపలాట సాగుతోంది. అమ్మకి చేతకాని రోజున ఇంట్లో కూర్చోవాల్సిందే, ముందే చెప్తున్నా.' అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ప్లేట్లు తియ్యాలి కాబట్టి లేచాను. అత్తయ్య నవ్విందో లేదో చూళ్ళేదు.

బస్సులో ఒడిలో సంచి పెట్టుకుని కూర్చున్నాను. ఏడుపు వస్తే బావుండుననిపించింది. రాలేదు.

ఆ చేపలకి కళ్ళుండవు. ఉండవు అనడం కూడా తప్పే. గుడ్డులో ఉన్నప్పుడు అన్ని చేపలకిలాగే వీటికీ కళ్ళు మొదలవుతాయి. అన్నీ సవ్యంగానే అమరుతాయి. తర్వాత కంటిలోపలి కటకం చచ్చిపోవడం మొదలుపెడుతుంది. దాని వెనకే కన్ను కుంగిపోతుంది, పైన చర్మం కప్పేస్తుంది. కన్నుని పోషించడం చాలా ఖర్చుతో కూడిన పని, చీకట్లో దానికి పెట్టే తిండి దండగ. క్లాసులో మా ఆయన ఇదంతా ఒక్క ముక్కలో తేల్చేస్తాడు, 'వాడనిది పోతుంది' అని. మళ్ళీ పరిశోధన మొదలుపెడతానని నేనన్నప్పుడు నాకూ అదే ముక్క పడేశాడు. 'వాడని తెలివి కూడా అంతే మరి.'

కళ్ళు పోయిన చోట ఇంకేవో పెరుగుతాయి. నీళ్ళలో చిన్న కదలికని కూడా ఒంటితో పసిగడతాయి. రుచి తెలిసే మొగ్గలు నోట్లోనే కాదు, గడ్డం కిందా తలమీదా కూడా మొలుస్తాయి. నెలల తరబడి తిండి లేకపోయినా ఓర్చుకుంటాయి. నిద్ర దాదాపు ఉండదు. ఆ సంగతి మొదటిసారి చదివినప్పుడు పాప చంకలో గుక్కపట్టి ఏడుస్తోంది, నాకు నవ్వొచ్చింది. కొత్త తొట్టిలో వదిలితే గోడ పక్కనే, ఒళ్ళు ఆనీ ఆననట్టు, గబగబా చుట్టూ తిరుగుతాయి. ఆ చోటంతా ఒంటికి తెలిసేదాకా అంతే. తెలిశాక నింపాదిగా తిరుగుతాయి. అప్పుడు చూసినవాళ్ళెవరూ అవి గుడ్డివనుకోరు, మధ్యలో ఒక రాయి జరిపితే తప్ప.

మా గదిలో రెండు గుహల చేపలున్నాయి. ఒకటి కొండగుహ, ఇంకోటి బావిలా లోతుకి దిగే గుహ. రెండూ పాలిపోయి లేత గులాబి రంగులో ఒకేలా ఉంటాయి. కానీ కలపకూడదు. ఆ గదిలో అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు అదే. కొండగుహవాటికి తెల్ల వల, బావిగుహవాటికి నల్ల వల. ఒక తొట్టిలో ముంచిన చెయ్యి శుభ్రంగా కడగందే ఇంకో తొట్టిలో పెట్టకూడదు. కడిగి కడిగి నా వేళ్ళు ఎప్పుడూ నానినట్టే ఉంటాయి. ఇంటికొచ్చాక మళ్ళీ గిన్నెలు.

పెళ్ళికి ముందు నేనూ ఆయనా ఆ గదిలోనే పరిశోధన చేసేవాళ్ళం. ఒకరోజు అందరి ముందూ అడిగాను. ఇవి రెండూ ఎక్కడివక్కడ వేరువేరుగా గుడ్డివయ్యాయి కదా, దీనిలో పాడైంది దానిలో బావుండొచ్చు కదా, కలిపి చూస్తే ఏమవుతుంది అని. అప్పటి పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మా ఆయన, అప్పటికింకా మా ఆయన కాదు, "గుడ్డీ గుడ్డీ కలిస్తే కళ్ళున్న బిడ్డ పుడుతుందా?" అన్నాడు. గది గదంతా గొల్లున నవ్వింది. తర్వాత పెళ్ళి, పాప, 'ఓ ఆర్నెల్లు ఆగి మళ్ళీ మొదలెట్టుకో' అనడం. ఆ ఆర్నెల్లు ఇంకా అయిపోలేదు. ఈలోగా ఎక్కడో ఎవరో ఇలాంటి చేపల్నే కలిపి చూశారు. పిల్లల్లో కొన్నిటికి చూపొచ్చింది. అది చదివిన రోజు నేను ఇంటికొచ్చి బట్టలు ఆరేశాను. ఇంకేం చెయ్యాలో తెలీలేదు.

గది ఖాళీ చెయ్యాలన్న మాట వచ్చిన నాటినుంచి నా చేతులు నా మాట వినడం మానేశాయి. కొలతలకొచ్చిన వడ్రంగులు అరలు ఊడదీస్తామంటే మిగిలిన చేపలన్నిటినీ ఒకే పెద్ద తొట్టిలోకి మార్చాల్సొచ్చింది. తెల్ల వల కనపళ్ళేదు. వెతకలేదు కూడా. ఎలాగూ చచ్చేవాటికి వావీ వరసా ఏమిటనుకుని అన్నిటినీ నల్ల వలతోనే తోడి పోసేశాను. నీళ్ళు వెచ్చబెట్టే మిషను తీగ వడ్రంగులు పీకేశారు, నీళ్ళు చల్లబడ్డాయి, మర్నాడు నేను మళ్ళీ తగిలించాను. చల్లబడి వేడెక్కే నీళ్ళంటే ఈ చేపలకి గుడ్లు పెట్టే కాలం. కంప్యూటర్లు రావడం ఆలస్యమై చావు వాయిదా పడింది. ఒక పొద్దున వెళ్ళి చూస్తే తొట్టి అడుగున గుడ్లు. పెద్దవి తినెయ్యకముందే సన్న గొట్టంతో పీల్చి గాజు గిన్నెలోకి తీశాను. చంపాల్సినదాన్ని, పురుడు పోశాను.

పిల్లలు ఈదడం మొదలుపెట్టాక తలకి అటూ ఇటూ నల్లటి చుక్కలు కనపడ్డాయి. చుక్కలున్నంత మాత్రాన చూపున్నట్టు కాదు. నా భుజమ్మీద వంటింటి తువ్వాలుంది, తెలుపూ నీలం చారలది, చేతులు తుడుచుకోడానికి ఎప్పుడూ అక్కడే ఉంటుంది. దాన్ని గిన్నె చుట్టూ చుట్టి మెల్లిగా తిప్పాను. కన్నున్న చేప కదిలే చారల వెంట తిరుగుతుంది. గుడ్డిది పట్టించుకోదు. చాలా పిల్లలు పట్టించుకోలేదు. కొన్ని తిరిగాయి. ఆపితే ఆగాయి. వెనక్కి తిప్పితే వెనక్కి తిరిగాయి. నేను నేలమీద చతికిలబడి ఏడ్చాను. సంతోషమేమీ కాదు. ఇన్నేళ్ళూ ఇది నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. దీన్ని జరగనివ్వకుండా కాపలా కాయడానికే నేను బతుకంతా చేతులు కడుక్కున్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను, అంత తెలివితక్కువదాన్ని. ఆయన నములుతూ విన్నాడు. "ఇదెప్పుడో కనిపెట్టేశారు కదా. కొత్తేముంది?" అన్నాడు. "అయినా రెండూ ఎలా కలిపేశావ్? సరేలే, పారేసేవేగా." చెయ్యి కడుక్కోడానికి లేచి వెళ్ళాడు.

అత్తయ్య గోడవైపుకి తిరిగి తింటోంది. "రెండూ గుడ్డివేనా అమ్మాయ్?" అని అడిగింది.

"రెండూ గుడ్డివే."

"మరి ఎలా?"

చిరిగిన దుప్పట్ల లెక్కన చెప్పాను. రెండు చిరుగు దుప్పట్లు ఒకదానిమీద ఒకటి కప్పుకుంటే దీని చిరుగు దాని గట్టి చోటుమీద పడుతుంది, చలి ఆగుతుంది. రెండూ ఒకే చోట చిరిగితేనే ఇబ్బంది. ఆవిడ ముద్ద చేత్తో పట్టుకుని అలాగే కూర్చుంది. "ఇన్నాళ్ళూ కలవనిచ్చారు కాదన్నమాట," అంది చివరికి. నాకు ఆవిడ మీద కూడా కోపమొచ్చింది, అదేదో ఎవరింటి పిల్ల పెళ్ళి సంగతో అన్నట్టు మాట్లాడినందుకు.

ఇవాళ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ నేను ఆ పని చెయ్యడానికే వెళ్ళాను. చెయ్యను అనే నోరు నాకు లేదు. ఒక్కరోజులో పోలేదది. బంధువుల ముందు నవ్వినప్పుడు కొంచెం, ఆర్నెల్లు ఆగుతానన్నప్పుడు కొంచెం, పాప 'నువ్వేం చేస్తావమ్మా?' అని అడిగితే 'నాన్న దగ్గర పనిచేస్తాను' అన్నప్పుడు చాలా. ఇప్పుడు చర్మం కప్పేసింది. నీళ్ళు వేడిచేశాను. గాజు గిన్నెలో పిల్లలు, తొట్టిలో పెద్దవి నింపాదిగా తిరుగుతున్నాయి. వాటిలో ఒక ముసలిది ఉంది, పాప కడుపులో ఉన్నప్పటినుంచి నాకు తెలుసు, నా చెయ్యి నీళ్ళలో పెడితే వచ్చి గడ్డంతో వేలిని రుద్ది రుచి చూస్తుంది. ఈ భూమ్మీద నన్ను వెతుక్కుంటూ వచ్చేది అదొక్కటే అనిపించింది. ఈ గది పోయాక పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్తాను? ఏ చీకట్లో కాసేపు ఎవరికీ ఏమీ కాకుండా కూర్చుంటాను? ఆ నూనె మిగిలితే మనిషికి ఎంత పడుతుందో అన్న ఆలోచన కూడా వచ్చి వెళ్ళింది. వచ్చిందని చెప్పడానికి భయపడను.

సీసా తీసి వేడినీళ్ళలో ఒంపి, గిలక్కొట్టి, కళ్ళు మూసుకుని తొట్టిలో పోసేశాను. ముక్కుపుటాలు అదిరిపోవాలి. ఏ ఘాటూ రాలేదు. కళ్ళు తెరిస్తే నీళ్ళమీద చిన్న చిన్న బొట్లు తేలుతున్నాయి. చేపలు మేత అనుకుని పైకొచ్చి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. సీసా మూతి వాసన చూశాను. తలనూనె.

నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది. మతిమరుపు ముసల్ది, ఆఖరికి ఒక్క సీసా కూడా సరైంది పెట్టలేదు, చంపడానికి కూడా నాకు ఈ ఇల్లు సరిగ్గా సర్దిపెట్టదు అని తిట్టుకున్నాను. పైపైన తేలిన నూనెని గరిటెతో తీసి పారబోసి, అసలు సీసా కోసం మళ్ళీ బస్సెక్కాను.

నా తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికెళ్ళాను. మిట్టమధ్యాహ్నం ఇంట్లో తెరలన్నీ వేసి ఉన్నాయి, ఒక్క దీపం లేదు. వంటింట్లోంచి మాత్రం గిన్నెలు కడుగుతున్న చప్పుడు. సంచి నడవలో పడేసి గోడకి ఆనుకుని నిలబడ్డాను, ఆయాసం తీరేదాకా. అత్తయ్య చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. నడవలో చకచకా నడుస్తోంది. ఎడంచేతి వేళ్ళ వెనకభాగం గోడకి ఆనీ ఆననట్టు రాసుకుంటూ వస్తోంది.

ఆ నడక నాకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా తొట్లలో చూస్తున్న నడక.

సంచి ఉందని అనేలోపే ఆవిడ కాలు తగిలి మోకాళ్ళమీద పడింది. కేక వెయ్యలేదు. నేలమీద తడుముతూ సంచి అంచు పట్టుకుంది, డబ్బా ముట్టుకుని తెలుసుకుంది. తల ఎత్తి నా వైపు చూసింది. నా వైపు కాదు, నాకు జానెడు పక్కకి. "అమ్మాయా?" అంది.

దగ్గరికెళ్ళి కూర్చుని, భుజమ్మీది తువ్వాలు తీసి ఆవిడ మొహం ముందు అటూ ఇటూ మెల్లిగా కదిపాను. కళ్ళు కదల్లేదు.

"తడి తువ్వాలు ఊపుతున్నావ్," అంది. "చేపల కంపు."

"ఎన్నాళ్ళయింది అత్తయ్యా?"

ముందు సూదిలో దారం పోయిందట. తర్వాత గింజల్లో రాళ్ళు. తర్వాత టీవీలో మనుషులు. నా మొహం చాలాకాలం ఉందట, తలుపు దగ్గర వెలుతుర్లో నిలబడితే. అది కూడా పోయి ఏడాది దాటిందంది. సొంత ఇల్లు కాబట్టి చేతులకి అన్నీ తెలుసు, వాసన వచ్చేదాకా మాడిందని మాత్రం తెలీదు. ఇదంతా కూరల ధరలు చెప్పినట్టు చెప్పింది. డాక్టరుకి ఎందుకు చూపించుకోలేదని, కనీసం నాకెందుకు చెప్పలేదని గట్టిగా అడిగాను. అరిచాననే చెప్పాలి.

"చెప్తే ఏమయ్యేది?" అంది. "వాడు ఆవేళ అందరిముందూ అన్నాడుగా, అమ్మకి చేతకాని రోజున నువ్వు ఇంట్లో కూర్చోవాలని. నా కళ్ళు ఎలాగూ పోతున్నాయి. నీ పని కూడా పోవడం దేనికి?"

ఆవిడ మోకాలు రుద్దుకుంది.

"ఇంకెందుకు దాచడం? గది మూసేస్తున్నారు. రేపట్నుంచి నువ్వూ ఇంట్లోనేగా."

చేపపిల్లకి చూపుందో లేదో తువ్వాలు చారతో తేల్చగలదాన్ని, ఒకే కప్పు కింద రోజూ నా ముందునుంచి గోడ తడుముకుంటూ వెళ్ళే మనిషిని కనిపెట్టలేదు. ఆవిడ నా మొహంకేసి చూడకపోతే కోపమనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది సీసా. ముక్కుతో ఇల్లంతా నడుపుకొస్తున్న మనిషి, రోజూ పంటికి పెట్టుకునే నూనె. తలనూనెకీ లవంగ నూనెకీ పొరబడుతుందా?

"సీసా కావాలనే మార్చారా?"

"పెంచిన చేత్తోనే చంపమని వాడంటే, అది నేను సర్ది పంపించాలా?" అంది చిరాగ్గా. "మతి లేని ముసల్దాన్ని కదా. ఒక్కరోజైనా గడుస్తుందనుకున్నా. అసలుది బియ్యం డబ్బాలో ఉంది. తీసుకుపోతావేమో తీసుకుపో."

నేను లేవలేదు. ఇద్దరం నడవలో నేలమీద అలాగే కూర్చున్నాం. ఆ తొట్టిని ఎక్కడ పెట్టాలో, నీళ్ళు ఎలా మోయాలో, ఇన్నాళ్ళు ఆలస్యమయ్యాక ఏ డాక్టరు ఏమంటాడో నాకు ఒక్కటీ తెలీదు. ఏదీ బాగుపడుతుందన్న ఆశ కూడా పెద్దగా లేదు. ఆవిడకి కళ్ళు పోయాయి, నాకు నోరు పోయింది. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో రెండు తొట్లలో బతికాం.

సంచిలో ఫోన్ మోగింది. ఆయనే. తీశాను.

"అయిపోయిందా?"

"లేదు," అన్నాను. "నేను చంపను."

"ఏంటీ?" అన్నాడు.

అత్తయ్య చెయ్యి గాల్లో వెతికి నా మణికట్టు పట్టుకుంది. "ఇంకోసారి చెప్పు," అంది. "వాడికి చిన్నప్పట్నుంచీ ఒకసారి చెప్తే వినపడదు."